గోడకు ఏడు మేకులు

తాష్-బులాక్
2004 సెప్టెంబర్ 12

చిన్నదొరా,

ఒళ్ళు బాగుందా, వేళకి తింటున్నావా? ఇక్కడ అందరం క్షేమం, నీ కౌన్సిల్ తప్ప.

ఇది ఉత్తరం కాదు, ఫిర్యాదు. నేను చెబుతుంటే ఊల్కన్ రాస్తోంది. నువ్వు అక్షరాలు దిద్దుకునేటప్పుడు పక్కన కూర్చుని నేను ఉన్ని వడికేదాన్ని. నీకు అక్షరాలు వచ్చాయి, నాకు ఉన్ని వచ్చింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అరిచిన మాట గాలికి పోతుంది. కాగితం మీద పడ్డ మాటకి నువ్వు జవాబు చెప్పుకోవాలి. మీ అన్న పోయి తొమ్మిదేళ్ళయినా మరిది పేరు నా నోట రాదు కాబట్టి, కవరు మీద నీ పేరు ఊల్కనే రాసుకుంటుంది.

నువ్వు పారిశుధ్య కమిటీకి పెద్దవి. చెత్త గురించి చదువుకోవడానికి మూడు నెలలు రాజధానికి వెళ్ళావు. నువ్వు అలా బస్సెక్కావో లేదో ఇక్కడ నీ చెత్తకుండీలు దిగాయి. ఎరుపొకటి, పసుపొకటి, పచ్చదొకటి. పెళ్ళికి వచ్చిన వియ్యపురాళ్ళలా వరసగా నిలబడ్డాయి. నిలబడనీ, నాకేం! కానీ వాటి వెనకాల ఇటుక గోడకి కాగితం అతికించారు. ఊల్కన్ చదివితే నా చేతిలో బకెట్టు జారిపోయింది. గోడకి వేలాడేదంతా చెత్తేనట. మిగిలిన రొట్టె పచ్చకుండీలో వెయ్యాలట. నవంబర్ ఒకటిన గోడ కూలగొట్టి ఇనప కంచె వేస్తారట.

రొట్టె! చెత్తకుండీలో!

ఆ గోడకి ఏడు మేకులు కొట్టింది మీ అన్న. ఎండిపోయిన రొట్టెని మన సందులో ఎవరైనా చెత్తలో పడేయగా చూశావా? సంచిలో కట్టి మేకుకి తగిలిస్తాం. ఆవున్నవాళ్ళు ఆవుకి, గొర్రెలున్నవాళ్ళు గొర్రెలకి పట్టుకెళ్తారు. కిందపడ్డ ముక్కని కళ్ళకద్దుకుని గట్టు మీద పెట్టడం నీకు నేర్పింది నేనేగా. అది మర్చిపోయి ఆ కాగితం మీద సంతకం పెట్టావా? కింద ఉన్నది నీ సంతకమేనని ఊల్కన్ చెబుతోంది. నలభై ఏళ్ళు తపాలాఫీసులో పనిచేసిన మనిషి, సంతకాలు గుర్తుపట్టడంలో పొరపాటు పడదు.

(ఇక్కడ మీ వదినగారు అన్న మాట రాయలేదు. తపాలా నిబంధనలకు విరుద్ధం. - ఊల్కన్)

ఇంకొకటి. ఎవరు సంచి తగిలిస్తే వాళ్ళ ఫోటో తీసి బజారు ముందు బోర్డుకి ఎక్కిస్తున్నారు. ‘ఊరికి మచ్చ తెచ్చినవారు’ అని పైన పెద్ద అక్షరాలు. మొదటి ఫోటో నాదే. తల రుమాలు పక్కకి జారిపోయి ఉంది, నోరు తెరుచుకుని ఉంది. ఆ నోరు ఫోటో తీసేవాణ్ణి తిట్టడానికి తెరిచింది. అది మాత్రం అక్కడ రాయలేదు.

గోడ జోలికి రావద్దని నీ వాళ్ళకి రాయి.

నిన్ను ఎత్తుకు పెంచిన చేతులు నొప్పెడుతున్నాయని చెప్పే
మీ వదిన సైరకన్


రాజధాని
సెప్టెంబర్ 21

వదినగారికి సలాములు.

మీ ఉత్తరం అందింది. హాస్టల్లో నా గదిలో ఉండే ఆయన, ఏదో గనుల పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు, రాత్రంతా గురక పెడతాడు. దానివల్ల మీ ఉత్తరం మూడుసార్లు చదివే తీరిక దొరికింది.

వదినా, కోపం తగ్గించుకుని వినండి. గోడ దగ్గర ఎలుకలు పెరిగాయి, సంచులు గాలికి కొట్టుకుపోయి కాలవలో పడుతున్నాయి. కొత్త లారీ వెనక్కి తిరగాలంటే ఆ గోడ అడ్డం. ఇవన్నీ లెక్కలోకి తీసుకునే నిబంధన రాశాను. పచ్చకుండీలో వేసింది చెత్త కాదు, ఎరువవుతుంది. రొట్టె మట్టిలోకి వెళ్ళి మళ్ళీ గోధుమై వస్తుంది. ఇంతకంటే గౌరవం ఏముంటుంది చెప్పండి? ఇక్కడి పాఠాల్లో దీన్ని చక్రంలా బొమ్మ గీసి చూపించారు.

బోర్డు మీద మీ ఫోటో ఉండటం మాత్రం నాకు బాధగా ఉంది. మా అన్న భార్య, ఈ ఊళ్ళో అందరికన్నా పెద్ద. చైర్మన్ జోలుబాయ్ గారికి ఇవాళే రాస్తున్నాను, వెంటనే తీయిస్తారు. మీ అసలు బాధ అదేనని నాకు అర్థమైంది.

ఊల్కన్ గారికి నా నమస్కారాలు. ఆవిడ రాయని మాట ఏమిటో ఊహించుకున్నాను.

మీ మరిది
తెమిర్‌కుల్


తాష్-బులాక్
అక్టోబర్ 2

చిన్నదొరా,

నీకు అర్థమైంది నా తలకాయ!

నా ఫోటో తీయించమని నిన్నెవరు అడిగారు? పదిహేడు రోజులు పై వరసలో నిలబడ్డాను. బజారుకెళ్ళిన ప్రతివాడూ ఆగి, “అమ్మమ్మా, రొట్టె కోసం బోర్డెక్కావా, భేష్!” అన్నాడు. ఉల్లిపాయలమ్మే అతను ఊరికే రెండు ఉల్లిపాయలు ఎక్కువేశాడు. మంగళవారం వెళ్ళేసరికి నా చోటు ఖాళీ. నాలుగు జిగురు మచ్చలే మిగిలాయి. “ఏమైంది పెద్దమ్మా, క్షమాపణ చెప్పుకున్నావా?” అని అడిగాడు అదే ఉల్లిపాయలవాడు. నా బతుకులో ఇంత అవమానం జరగలేదు. పైకెక్కించింది కౌన్సిల్, పరువు తీసింది నువ్వు.

సరే, ఖాళీ ఎంతసేపు ఉంటుంది? మర్నాడే మన ఎదురింటి కాలిప, చెవులకి వెండి లోలాకులు పెట్టుకుని, సంచి తగిలించి, ఫోటో తీసేవాడు వచ్చేదాకా గోడ దగ్గర నిలబడింది. “ఇటువైపు నుంచి తియ్యి బాబూ, నా కుడి చెంప బాగుంటుంది” అందట. దాన్ని చూసి నాలుగంతస్తుల భవనంలో ఆడవాళ్ళంతా దిగారు. పెళ్ళి రుమాళ్ళు కట్టుకున్నవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు! ఫోటో తీసేవాడు నాలుగు రోజులకి, “అమ్మా, రీలు అయిపోయింది, ఇళ్ళకి వెళ్ళండి” అని దణ్ణం పెట్టాడు. బోర్డులో ఇప్పుడు చోటు లేదు. కాలిప పెద్దకొడుక్కి ఆ ఫోటో చూసే ఒక సంబంధం వచ్చింది.

దీంతో జోలుబాయ్‌కి ఒళ్ళు మండి, ఈ గొడవకి మూలం నేనేనని కౌన్సిల్ సమావేశానికి రమ్మని నోటీసు పంపాడు. అక్టోబర్ 28న. ఆ రోజే గోడ సంగతి ఓటుకి పెడతారట. పోతాను. నాకేం భయం!

రొట్టె చక్రంలా తిరిగి వస్తుందన్నావు. మీ పంతుల్ని పిలిచి ఆయన తినే పళ్ళాన్ని పచ్చకుండీలో బోర్లించమను. ఎప్పటికి తిరిగొస్తుందో కూర్చుని చూడమను.

(ఇక్కడ రెండు వాక్యాలు వదిలేశాను. - ఊల్కన్)

కోపం తగ్గని
మీ వదిన


తాష్-బులాక్
అక్టోబర్ 9

చిన్నదొరా,

చేతిరాత మారిందేమిటని కంగారుపడకు. ఇది మందుల షాపు నర్గిజా చేత రాయిస్తున్నాను. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి చెబుతున్నాను. నేను గొంతు తగ్గించడం నువ్వెప్పుడైనా విన్నావా? అంత ముఖ్యమన్నమాట.

ఆ గోడ మీద రొట్టె ఆవులకి గొర్రెలకి అని రాశాను. మిగతా సంచులన్నీ వాటికే వెళ్తాయి. చివరి మేకుకి ఉండే సంచి మాత్రం ఊల్కన్ పట్టుకెళ్తుంది. తెల్లవారకముందే వస్తుంది, కోటు లోపల పెట్టుకుంటుంది. పోయిన చలికాలం నమాజుకి లేచి కిటికీలోంచి చూశాను. దాని పింఛను ఒక నెల వస్తే ఇంకో నెల రాదు. కొడుకు ఎక్కడో రష్యాలో, కబురు లేదు. నేను రొట్టె పట్టుకుని తలుపు తడితే ఏమందో తెలుసా? “ఇప్పుడే తిన్నాను సైరకన్, కడుపు నిండుగా ఉంది” అంది. తినలేదు. పొయ్యి చల్లగా ఉంది.

చేతిలో పెడితే తీసుకోదు. మేకుకి ఉంటే తీసుకుంటుంది, అది ఎవరిదీ కాదు కాబట్టి. అందుకని నేను వారానికి నాలుగు రొట్టెలు ఎక్కువ కాలుస్తున్నాను. ఒక రోజు అటక మీద ఆరబెట్టి, అంచులు కాస్త విరిచి, పాతవాటిలా కనిపించేట్టు చేసి తగిలిస్తున్నాను. మంచి రొట్టెని పాడు రొట్టెలా తయారుచెయ్యడం ఎంత కష్టమో నీకేం తెలుసు!

గోడ పోతే దానికి ఆ రొట్టె కూడా పోతుంది. చలికాలం ముందుంది. ఇప్పుడు తెలిసిందా నా కేసు ఏమిటో?

ఈ సంగతి నువ్వు ఎక్కడా ఎత్తకు.

మీ వదిన


రాజధాని
అక్టోబర్ 17

వదినగారికి,

మీ ఉత్తరం చదివాను. మీరు గోడ కోసం పోట్లాడుతున్నారనుకున్నాను. నన్ను క్షమించండి.

ఇప్పుడు మీకు నర్గిజా చదివి పెడుతోంది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఊల్కన్ గారి గురించి దిగులు వద్దు. కౌన్సిల్ దగ్గర నిరుపేదల జాబితా ఒకటి ఉంది. నేనొక మాట రాస్తే చాలు, ఆవిడ పేరు చేర్చి నెలనెలా పిండి, నూనె ఇంటికి పంపుతారు. లారీ ఆవిడ ఉండే భవనం ముందే ఆగుతుంది. ఇక ఆవిడ చీకట్లో గోడ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, మీరు దొంగతనంగా రొట్టెలు కాల్చక్కర్లేదు. అప్పుడు గోడ పోయినా నష్టం లేదు కదా?

సమావేశంలో మాత్రం నెమ్మదిగా మాట్లాడండి.

మీ మరిది
తెమిర్‌కుల్


తాష్-బులాక్
అక్టోబర్ 22

చిన్నదొరా,

ఇంత పొట్టి ఉత్తరమా! ఊల్కన్ తీసి చదివితే, “క్షేమం, సమావేశంలో నెమ్మదిగా మాట్లాడండి” అని రెండు ముక్కలు. కాగితం చూస్తే రెండువైపులా నిండుగా ఉన్నట్టుంది. అడిగితే, “రాజధానికి వెళ్ళాక అక్షరాలు పెద్దవి రాస్తున్నాడు” అంది. పెద్ద ఉద్యోగం చేసేవాడికి పెద్ద అక్షరాలే వస్తాయి కాబోలు. చదువుతుంటే పాపం దానికి మధ్యలో పొలమారింది. చాయ్ ఇచ్చాను, నూనెలో వేయించిన బోర్సోకులు పెట్టాను. ఒక్కటి తిని చాలంది.

నేను నర్గిజా చేత రాయించిన ఆ మందుల సంగతి నువ్వెత్తలేదు. బుద్ధిమంతుడివి. నీకింత బుద్ధి ఉందని తెలిస్తే ముందే చెప్పేదాన్ని.

సమావేశానికి ఏం కట్టుకోవాలో ఆలోచిస్తున్నాను.

మీ వదిన

(తెమిర్‌కుల్ గారూ, ఇక్కడినుంచి నా మాటలు. సైరకన్ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

మీ ఉత్తరం మీద విలాసం సైరకన్ ఇల్లు. ఆ ఇంట్లో ఉత్తరాలు చదివేది నేను. మీరు ఎవరిని తలుచుకుని రాశారో గానీ, విప్పింది ఈ చేతులే. తొమ్మిది పంక్తులు వదిలేసి చదివాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క అక్షరం ఎగ్గొట్టలేదు. చావు టెలిగ్రాములు, పెళ్ళి టెలిగ్రాములు, ఊరందరి గుట్టు నా వేళ్ళ మీదుగానే వెళ్ళింది. ఒక్కటీ బయట పెట్టలేదు. మీరు నా గుట్టుని లారీలో ఎక్కించి భవనం ముందు ఆపుతానంటున్నారు.

ఆ జాబితా చింపెయ్యండి. ఆ రొట్టెలు ఎవరో నిర్లక్ష్యంగా ఉండే కోడలు పిల్ల పారేస్తోందనుకున్నాను. తిట్టుకున్నాను కూడా. సైరకన్ కాల్చినవని తెలియదు. నాకు తెలిసిందని ఆమెకి తెలియకూడదు. తెలిస్తే ఆమె చేతిలో పెట్టాలని చూస్తుంది, నేను వద్దంటాను, ఇద్దరికీ మాటలు పోతాయి. మీరు చేసిన తప్పుకి ఇదొక్కటే పరిహారం. నోరు మూసుకోండి. - ఊల్కన్)


తాష్-బులాక్
అక్టోబర్ 29

చిన్నదొరా,

ఇది మళ్ళీ నర్గిజా చేతిరాత. ఎందుకో చివరిదాకా వింటే తెలుస్తుంది.

నిన్న సమావేశం. తొమ్మిదిమంది కౌన్సిలర్లు పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. వెనక బెంచీల మీద మన సందు సందంతా ఉంది. జోలుబాయ్ గంట కొట్టి, “పెద్దమ్మా, మీరు అభివృద్ధికి అడ్డం పడుతున్నారు” అన్నాడు.

“అడ్డం పడను నాయనా, లేచి నిలబడతాను” అని సంచి విప్పి మేకు మీది రొట్టెలు తొమ్మిది, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెట్టాను. “గోడ కూల్చాలి అనేవాళ్ళు చేతులెత్తక్కర్లేదు. మీ ముందున్న రొట్టె తీసుకెళ్ళి, బయట పచ్చకుండీ ఉంది, మీ చేత్తో అందులో వేసి రండి. అదే ఓటు.”

ఒకడు గొంతు సవరించుకున్నాడు. ఒకడు పెన్ను వెతుక్కున్నాడు. ఆ కుర్ర కౌన్సిలరు, కంప్యూటర్లమ్మేవాడు, “ఇది మూఢనమ్మకం” అని లేచి రొట్టె అందుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక బెంచీలో వాళ్ళమ్మ ఉంది. వాడి చేతిలోని రొట్టెకేసి చూసింది. వాడు తిరిగొచ్చి రొట్టె బల్ల మీద పెట్టాడు. అదీ తలకిందులుగా పడితే మళ్ళీ సరిగ్గా తిప్పి పెట్టాడు.

నేను గెలిచాననుకున్నాను. జోలుబాయ్ గట్టివాడు, ఊరుకుంటాడా? “అసలు ఈ రొట్టె పట్టుకెళ్ళేదెవరు? సందులో ఆవులు మూడు, మేకులు ఏడు. మిగతాది ఎలుకలకి, కుక్కలకి పోవడం లేదా? చెప్పండి పెద్దమ్మా, చివరి మేకుది ఎవరు తింటున్నారు?” అన్నాడు.

చిన్నదొరా, డెబ్భై ఐదేళ్ళదాన్ని, చిన్నపిల్లలా ఖాళీ సంచిని మడతపెడుతూ నిలబడ్డాను. చెబితే దాని పరువు పోతుంది, చెప్పకపోతే గోడ పోతుంది.

అప్పుడు వెనకనుంచి ఊల్కన్ లేచింది. తపాలాఫీసు కోటు వేసుకుని ఉంది, ఇత్తడి గుండీలన్నీ తోమి ఉన్నాయి. “నేను పట్టుకెళ్తున్నాను. నా కోళ్ళకి” అంది.

“రెండో అంతస్తులో కోళ్ళా?”

“బాల్కనీలో.”

“రొట్టె మీద ఒట్టు వెయ్యండి.”

రొట్టె పట్టుకుని అబద్ధం చెప్పిన మనిషిని ఆ రొట్టే కొడుతుంది కదా! ఊల్కన్ బల్ల దగ్గరికి నడిచొచ్చి, రొట్టె మీద చెయ్యి వేసి, “ఆ మేకు మీది రొట్టె నా గుమ్మం దాటి లోపలికి వెళ్తోంది. ఒక్క ముక్క కూడా వృథా కాలేదు. కాదంటే ఈ రొట్టె నన్ను కొట్టాలి” అంది. ఒట్టులో కోడి మాటే లేదు! జోలుబాయ్ గమనించలేదు. నేను గమనించాను. ఎంత తెలివైనదో చూశావా?

ఇక రొట్టెలు బల్ల మీద ఉండిపోయాయి. పారెయ్యడానికి లేదు, వదిలి వెళ్ళడానికి లేదు. చాయ్ తెప్పించుకుని తొమ్మిదిమందీ ముంచుకుని తిన్నారు. ‘సభ ముందుంచిన వస్తువులను సభ్యులు స్వయంగా పరిష్కరించిరి’ అని మినిట్స్‌లో రాశారు.

కానీ కూల్చడం వాయిదా మాత్రమే వేశారు, నవంబర్ ఐదున పశువుల డాక్టరు వచ్చి కోళ్ళని చూసి, అవి ఉంటేనే గోడ ఉంచుతారట. దానికి కోళ్ళెక్కడివి? పాపం నా కేసు కోసం అబద్ధమాడింది. చివరి మేకుకి కట్టేది నేనని దానికి తెలియదు, అయినా లేచింది. నా దగ్గర ఐదు కోళ్ళున్నాయి. దానికి కోళ్ళు లేవని నాకు తెలిసినట్టు కనిపించకుండా వాటిని పైకెక్కించాలి. దారి చూస్తాను.

మీ వదిన


రాజధాని
నవంబర్ 7

వదినగారికి, చదివిపెడుతున్న ఊల్కన్ గారికి సలాములు.

డాక్టరు గారి నివేదిక నాకు ఫ్యాక్సులో చేరింది. ఊల్కన్ గారి బాల్కనీలో ఐదు కోళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయని రాశారు. ఆ గోడను ‘పక్షుల మేత కేంద్రం’గా నమోదు చేసి, లారీ అటువైపు సందులోంచి తిరిగేట్టు మార్చి, సంతకం పెట్టి పంపాను. ఈసారి చదివే పెట్టాను.

ఒకటి చెప్పాలి. ఈ శిక్షణ కేంద్రంలో కూడా మూడు రంగుల కుండీలున్నాయి. వచ్చిన రోజునుంచీ నా గదిలో మిగిలిన రొట్టె సంచిలో కట్టి కిటికీ గొళ్ళేనికి తగిలిస్తున్నాను. ఇప్పటికి నాలుగు సంచులయ్యాయి. రెండుసార్లు పచ్చకుండీ మూత తీశాను. రెండుసార్లూ ఎవరూ చూడకుండా మూసేసి వచ్చాను. పరీక్షలో మాత్రం నాకు మొదటి స్థానం వచ్చింది.

ఊల్కన్ గారి కోళ్ళకు నా నమస్కారాలు.

తెమిర్‌కుల్


తాష్-బులాక్
నవంబర్ 21

చిన్నదొరా,

మందుల షాపులో కూర్చుని చెబుతున్నాను, నర్గిజా రాస్తోంది.

కోళ్ళ సంగతి విను. నాలుగో తారీఖున గంప నెత్తినెత్తుకుని పైకెళ్ళి, “నా కోళ్ళగూడు కప్పు కారుతోంది ఊల్కన్, నాలుగు రోజులు నీ బాల్కనీలో ఉంచుకో, నీవాటితో పాటు” అన్నాను. అది నా ముఖంలోకి చూస్తూ, రెప్ప వెయ్యకుండా, “నావి నిన్ననే మా అక్క కూతురి ఊరికి పంపించేశాను, చోటు ఖాళీగానే ఉంది” అంది. ఎంత దొంగది! నేనూ రెప్ప వెయ్యలేదు. “మంచి కోళ్ళుండేవి” అన్నాను. “అందులో చుక్కలది మరీ మంచిది” అంది.

నాలుగు రోజులన్నవి అక్కడే ఉండిపోయాయి. నా గూడు కప్పు ఇంకా కారుతూనే ఉంది, వేసవి దాకా కారుతుంది. అందులో ఒకటి పుంజు. అది నాలుగో అంతస్తు దాకా అందర్నీ లేపుతోంది. ఇప్పుడు నిజం కోళ్ళు కూడా తింటున్నాయి కాబట్టి నేను వారానికి ఎనిమిది రొట్టెలు కాల్చాల్సి వస్తోంది. నడుం విరిగిపోతోంది. నీకు సంతకం పెట్టడం తేలిక.

నిన్న ఊల్కన్ నన్ను భోజనానికి పిలిచింది. నాలుగేళ్ళలో మొదటిసారి. పొయ్యి వేడిగా ఉంది, గుడ్లు వేయించింది. బల్ల మధ్యలో గుడ్డ పరిచి దాని మీద రొట్టె పెట్టింది. చూడగానే పోల్చుకున్నాను, అంచు నేను విరిచిందే. తను విరిచి ముందు నాకు పెట్టింది, తర్వాత తను తీసుకుంది. ఇద్దరం నమిలాం.

“రొట్టె బాగుంది, ఎక్కడిది?” అన్నాను, ఏమంటుందో చూద్దామని.

అది నెమ్మదిగా మింగి, చాయ్ తాగి, కిటికీ వైపు చూస్తూ అంది: “ఎవరో పుణ్యాత్మురాలు కాలుస్తోంది. చెయ్యి మంచిదే. ఉప్పే కాస్త ఎక్కువ.”

యాభై ఐదేళ్ళుగా రొట్టె కాలుస్తున్నాను చిన్నదొరా. మీ అన్న తిన్నాడు, నువ్వు తిన్నావు, తొమ్మిదిమంది కౌన్సిలర్లు తిన్నారు. ఒక్కడైనా చెప్పాడా?

ఇవాళ తగ్గించి వేశాను.

మీ వదిన
సైరకన్